రెఫరీ తప్పు చేయొచ్చు గానీ కాటా ఒక్కటే ఉండాలి



పోస్టు పెద్దదే, ముందే చెప్పేస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. మన గ్రూపులో నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టళ్ళ గురించి, 1/70 గురించి చాలా రాసుకున్నాం. ఆటల గురించి మాత్రం గెలిచిన వాళ్ళ ఫొటో పెట్టి కంగ్రాట్స్ చెప్పడం దాకానే. ఈసారి ఫుట్‌బాల్ గురించి, అందులోనూ రెఫరీల గురించి రాస్తున్నాం. ప్రతి మ్యాచ్ అయ్యాక మా రూములో అర్ధరాత్రి దాకా నడిచే గొడవ ఇదే కాబట్టి, ఒకసారి అందరి ముందూ పెట్టాలనిపించింది.

మేము అంటే అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి మండలాల నుంచి వచ్చి విశాఖలో చదువుకుంటున్న ఏడుగురం. ఇంట్లో ఒకరిది కువి, ఇద్దరిది ఆదివాసీ ఒరియా, మిగతావాళ్ళది తెలుగు. మ్యాచ్ చూసేటప్పుడు మాత్రం అందరిదీ ఒకే భాష: "అది ఫౌల్ రా బాబూ!"

మన ఏజెన్సీలో వాలీబాల్, కబడ్డీ, క్రికెట్టే ఎక్కువ అని తెలుసు. అయినా ఒడిశా సరిహద్దు వైపు పోయేకొద్దీ ఫుట్‌బాల్ పిచ్చి కనిపిస్తుంది. వరి కోతలు అయిపోయాక మడిలో నాలుగు వెదురు బొంగులు పాతితే గ్రౌండు రెడీ. కప్పు లేకపోతే మేకపోతే ప్రైజు. బూట్లు ఉన్నవాడు బూట్లతో, లేనివాడు ఉత్త కాళ్ళతో. మనకి ఈ ఆట పరాయిది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు కోచ్‌గా ఉన్నప్పుడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టింది. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడుతోంది, క్రొయేషియా క్లబ్బుకీ వెళ్ళి వచ్చింది. తండా పిల్ల అంత దూరం పోయినప్పుడు మన గూడెం పిల్లలు పోలేరా?

పోగలరు. కాకపోతే దారి మధ్యలో విజిల్ పట్టుకున్న మనిషి ఒకడు ఉంటాడు. ఈ పోస్టు ఆ మనిషి గురించి.

ముందు అందరికీ తెలిసిన మ్యాచ్ చెప్పుకుందాం. 2024 జూన్ 11, దోహా. వరల్డ్ కప్ క్వాలిఫయర్స్ రెండో రౌండులో మనకి చివరి మ్యాచ్, ఖతర్ మీద. సునీల్ ఛెత్రి రిటైరై వారం కూడా కాలేదు. గెలిస్తే మూడో రౌండు. ఖతర్ అప్పటికే క్వాలిఫై అయిపోయి కుర్రాళ్ళ జట్టుని దింపింది. 37వ నిమిషంలో మిజోరం కుర్రాడు ఛాంగ్తే గోల్ కొట్టాడు. మేము ఫోన్ని బకెట్ మీద నిలబెట్టి చూస్తున్నాం, పక్క రూము వాళ్ళు కూడా వచ్చి మా మంచం మీద కూర్చున్నారు.

73వ నిమిషంలో ఖతర్ ఆటగాడి హెడర్ని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతని పక్క నుంచి దొర్లుకుంటూ గోల్‌పోస్టు పక్కన గీత దాటి బయటికి పోయింది. బయటికి పోయిన బంతిని ఖతర్ ఆటగాడు కాలితో లోపలికి లాగాడు. ఇంకొకడు గోల్లోకి తోశాడు. మన వాళ్ళు కార్నర్ కిక్ అనుకుని ఆగిపోయారు. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. మన వాళ్ళు చుట్టూ మూగి బతిమాలినా మార్చలేదు. 85వ నిమిషంలో రెండో గోల్ కూడా పడింది. 2-1. అదే రోజు కువైట్ గెలిచి మన స్థానం ఎగరేసుకుపోయింది.

రూల్ ఏం చెప్తుందో చూడండి. బంతి మొత్తం గీత దాటితే ఆట ఆగినట్టే. నేల మీదైనా, గాల్లో అయినా. ఇందులో అభిప్రాయానికి చోటు లేదు. హ్యాండ్‌బాల్ అయితే "కావాలని తగిలిందా, అనుకోకుండా తగిలిందా" అని వాదించుకోవచ్చు. గీత దాటడం గురించి ఏం వాదిస్తాం? మా ఫోన్ చిన్న తెరలో రీప్లే వేస్తేనే గీతకీ బంతికీ మధ్య పచ్చగడ్డి కనపడింది. ఆ రౌండులో వీఏఆర్ లేదు, అంటే రెఫరీ మళ్ళీ వీడియో చూసుకునే ఏర్పాటు లేదు. మూడో రౌండు నుంచే పెట్టారు. మూడో రౌండుకి ఎవరు పోవాలో తేల్చే మ్యాచ్‌కి మాత్రం పెట్టలేదు.

తర్వాత ఏమైంది? మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకీ, ఆసియా సమాఖ్యకీ ఫిర్యాదు రాసింది. విచారణ చేయమంది. ఫలితం మారలేదు. వారం తిరగకుండా మన కోచ్ ఉద్యోగం పోయింది. ఆటగాళ్ళకి మళ్ళీ నాలుగేళ్ళ ఎదురుచూపు. "ఇక్కడ తప్పు జరిగింది, ఇందువల్ల జరిగింది, మళ్ళీ జరక్కుండా ఇది చేస్తున్నాం" అని మాలాంటి మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా అంటే, మా చెవిదాకా ఏమీ రాలేదు.

ఆ రెఫరీ పేరు గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. మేము రాయం. ఒక మనిషిని పట్టుకుని తిట్టుకుంటే మన కడుపుమంట చల్లారుతుందేమో గానీ వచ్చే మ్యాచ్‌కి ఏమీ మారదు. గీత దగ్గర నలుగురు అడ్డంగా నిలబడి ఉంటే ఏ మనిషికైనా కనపడకపోవచ్చు. కనపడనప్పుడు సాయం చేసే ఏర్పాటు ఎందుకు లేదు, తప్పు తేలాక జవాబు ఎవరు చెప్పాలి, ఈ రెండే మా ప్రశ్నలు.

ఇంకొకటి మన దేశంలోనే జరిగింది. 2023 మార్చి 3, బెంగళూరు. ఐఎస్ఎల్ ప్లే ఆఫ్‌లో బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్. గోల్ లేకుండా ఎక్స్‌ట్రా టైముకి వెళ్ళింది. బెంగళూరుకి ఫ్రీ కిక్ వచ్చింది. కేరళ వాళ్ళు ఇంకా గోడ కట్టుకుంటున్నారు, గోల్‌కీపర్ సర్దుకోలేదు. ఛెత్రి గబుక్కున కొట్టేశాడు. గోల్. రెఫరీ ఒప్పుకున్నాడు. కేరళ కోచ్ తన జట్టుని తీసుకుని గ్రౌండు బయటికి వెళ్ళిపోయాడు.

దీని మీద మా ఏడుగురిలో ఈరోజుకీ రెండు పార్టీలు. రూల్ ప్రకారం ఫ్రీ కిక్ త్వరగా కొట్టొచ్చు, ప్రతిసారీ విజిల్ కోసం ఆగక్కర్లేదు. కానీ రెఫరీ "ఆగండి, నేను విజిల్ వేస్తాను" అని సైగ చేస్తే మాత్రం ఆగాల్సిందే. ఆ సైగ జరిగిందా లేదా అన్నదే గొడవంతా. నెల తిరక్కుండా శిక్ష వచ్చింది: కేరళ క్లబ్బుకి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం, బహిరంగ క్షమాపణ. మ్యాచ్ మధ్యలో వదిలేసి పోవడం తప్పే, శిక్ష ఉండాలి. అలా ఎవడికి వాడు నడిచిపోతే ఆటే ఉండదు. మా బాధ వేరు. వెళ్ళిపోయిన వాడికి ఎంత శిక్ష పడిందో దేశమంతా తెలుసు, అంకెలతో సహా. విజిల్ పట్టుకున్న వాడు ఆ నిమిషంలో ఏం అనుకున్నాడో, ఎవరికి ఏం చెప్పాడో ఆయన నోటితో వినే అవకాశం మాత్రం మనకి రాలేదు. జవాబుదారీ అనేది కింద నుంచి పైకే నడుస్తోంది, పై నుంచి కిందికి రావడం లేదు.

ఇక మా సొంత అనుభవం. ఊరి పేరు, కమిటీ పేరు రాయడం లేదు, అడగొద్దు. రెండేళ్ళ కిందట ఒక సంక్రాంతి టోర్నమెంటు సెమీఫైనల్. మాది ఒక జట్టు, టోర్నమెంటు పెట్టిన ఊరిది ఇంకో జట్టు. ఫస్టాఫ్‌లో మేము కొట్టిన బంతి పెనాల్టీ బాక్సులో వాళ్ళ వాడి చేతికి తగిలింది. రెఫరీ, "చెయ్యి ఒంటికి ఆనుకునే ఉంది, ఆడండి" అన్నాడు. సరే, ఆ రూల్ నిజమే. ప్రతి చెయ్యీ హ్యాండ్‌బాల్ కాదు. ఆడాం.

సెకండాఫ్‌లో మా డిఫెండర్ చెయ్యి కడుపుకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. బంతి వచ్చి తగిలింది. ఈసారి విజిల్. పెనాల్టీ. మా కెప్టెన్ వెళ్ళి చాలా మర్యాదగా అడిగాడు: "అన్నా, ఇందాక ఆనుకునే ఉందని ఇవ్వలేదు కదా, ఇప్పుడు ఏటి మారింది?" వచ్చిన జవాబు: "రెఫరీ మాటే ఫైనల్. ఆడతారా, పోతారా?" చుట్టూ మూడు నాలుగొందల మంది ఈలలు, డప్పులు. ఆడాం. 1-0. మేకపోతు వాళ్ళకే పోయింది.

మేకపోతు గురించి కాదు మా ఏడుపు. మా జట్టులో ఒక తమ్ముడు ఉండేవాడు. అప్పుడు ఇంటర్ ఫస్టియర్. లెఫ్ట్ వింగ్‌లో ఉత్త కాళ్ళతో పరిగెడితే పట్టుకోవడం కష్టం. తర్వాతి ఏడాది అదే టోర్నమెంటుకి రమ్మంటే వాడన్న మాట: "వాళ్ళ ఊళ్ళో ఆడితే ఎలాగూ మనకి రాదు కదన్నా. ఛార్జీలు దండగ." మళ్ళీ బంతి ముట్టుకోలేదు. "ఎలాగూ మనకి రాదు కదా" అనే మాట మనం ఎన్నిచోట్ల విన్నాం? సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి పోవాలన్నా, పోస్టుకి అప్లై చేయాలన్నా, సీటు కోసం అడగాలన్నా మన పెద్దవాళ్ళు ఇదే మాట అంటారు. ఆ మాట పుట్టుకతో రాదు. చెప్పని కారణంతో ఓడిన ప్రతిసారీ కొంచెం కొంచెం నేర్చుకుంటాం. పదహారేళ్ళ కుర్రాడు ఆ మాటని మడిలో, ఒక విజిల్ దగ్గర నేర్చుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట. రెఫరీ తప్పులన్నీ ఒకలాంటివి కావు. సంతకి పోయినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. మన అమ్మలు, నాన్నమ్మలు చింతపండు, పసుపు, పిప్పళ్ళు మూటగట్టుకుని కొండ దిగి వెళ్తారు. కాటా పాతదై అందరికీ వంద గ్రాములు తక్కువ చూపిస్తోందనుకోండి, అది తప్పు. బాగు చేయించొచ్చు. అదే షావుకారు కొనేటప్పుడు ఒక కాటా, అమ్మేటప్పుడు ఇంకో కాటా పెట్టాడనుకోండి, అది తప్పు కాదు, మోసం. 1956లో జీసీసీ పెట్టింది కూడా మనవాళ్ళ సరుకుకి సరైన ధర, సరైన తూకం దొరకాలనే. పుస్తకంలో ధర రాసి ఉంటే సరిపోదు, అందరికీ ఒకే కాటా పెట్టాలి.

రెఫరీ కూడా అంతే. ఒకడు స్ట్రిక్టుగా ఉంటాడు, చిన్న తోపుడికే విజిల్ వేస్తాడు. ఇంకొకడు వదిలేస్తాడు. రెండూ పర్లేదు. మొదటి పది నిమిషాల్లో ఆటగాడికి తెలిసిపోతుంది, ఈయన కాటా ఇంత అని. దాన్ని బట్టి ఆడతాడు. ఫస్టాఫ్‌లో ఒక కాటా, సెకండాఫ్‌లో ఒక కాటా, పెద్ద జట్టుకి ఒకటి, దూరం నుంచి వచ్చిన జట్టుకి ఒకటి అయినప్పుడే కడుపు మండుతుంది. అభిమానులు "కన్సిస్టెన్సీ, కన్సిస్టెన్సీ" అని అరిచేది దీనికోసమే.

అలాగని ప్రతి రెఫరీనీ "అమ్ముడుపోయాడు" అనేయడం సరి కాదు. అది చాలా తేలికైన మాట, చాలాసార్లు అబద్ధం కూడా. 2020లో కరోనా వల్ల యూరప్‌లో ఖాళీ స్టేడియాల్లో మ్యాచ్‌లు జరిగాయి కదా. పరిశోధకులు ఆ లెక్కలు తీసి చూశారు. జనం లేనప్పుడు బయటినుంచి వచ్చిన జట్టుకి పడే కార్డులు తగ్గాయి. అంటే డబ్బు తీసుకోకపోయినా, మనసులో దురుద్దేశం లేకపోయినా, వేలమంది అరుపు రెఫరీ చేతిని లాగుతుంది. శిక్షణ, జీతం, రక్షణ అన్నీ ఉన్న రెఫరీల సంగతే ఇది. మరి ఈలలు, డప్పుల మధ్య ఒంటరిగా నిలబడి, మ్యాచ్ అయ్యాక అదే ఊరి బండి మీద ఇంటికి పోవాల్సిన మన రెఫరీ సంగతేంటి? ఆయన మంచివాడైనా కాటా ఒక పక్కకి వాలుతుంది. అందుకే మంచివాడిని వెతకడం కంటే మంచి పద్ధతి పెట్టుకోవడం ముఖ్యం అంటున్నాం.

పద్ధతులు ఎలా వచ్చాయో చూస్తే ఆశ కలుగుతుంది. 1966 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. జర్మన్ రెఫరీ అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని బయటికి పొమ్మన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నన్ను ఎందుకు పంపుతున్నారో చెప్పడానికి దుబాసీ కావాలన్నాడు రాటిన్. చాలాసేపు కదల్లేదు. ఆ గొడవ చూసిన ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్ తర్వాత ట్రాఫిక్ లైట్లు చూసి, పసుపు, ఎరుపు కార్డులు పెడితే బాగుంటుందని ఆలోచించాడు. 1970 వరల్డ్ కప్ నుంచి కార్డులు వచ్చాయి. భాష తెలియని చోట తీర్పు అర్థం కాక నిలబడిపోవడం ఎలా ఉంటుందో మన తాతలకి బాగా తెలుసు. కార్డు వచ్చాక గ్రౌండు చివర కూర్చున్నవాడికి కూడా ఏం జరిగిందో తెలిసింది.

2010 జూన్ 27న ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి జర్మనీ గోల్లో గీత దాటి లోపల పడి బయటికొచ్చింది. రెఫరీ ఇవ్వలేదు. దోహాలో మనకి జరిగిన దానికి తిరగేసినది. అప్పటిదాకా "టెక్నాలజీ వద్దు" అన్న ఫిఫా దిగొచ్చింది. 2012లో గోల్ లైన్ టెక్నాలజీకి అనుమతి ఇచ్చారు, 2014 వరల్డ్ కప్‌లో వాడారు. 2018లో వీఏఆర్ వచ్చింది. పెద్ద దేశానికి దెబ్బ తగిలితే రూలే మారింది. మనకి దెబ్బ తగిలితే ఫిర్యాదు కాగితం మిగిలింది.

వీఏఆర్ వస్తే గొడవలు పోతాయా? పోవు. 2023 సెప్టెంబర్ 30న లండన్‌లో టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ కొట్టిన మంచి గోల్ని లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అన్నాడు. వీడియో రూములో ఉన్నవాళ్ళు చూశారు, ఆఫ్‌సైడ్ కాదని తెలుసుకున్నారు. కానీ గ్రౌండులో గోల్ ఇచ్చేశారనుకుని "చెక్ అయిపోయింది" అనేశారు. ఆట మొదలైపోయింది. ఒకసారి ఆట మళ్ళీ మొదలైతే వెనక్కి పోవడానికి రూల్ ఒప్పుకోదు. అన్ని కెమెరాలు ఉండి కూడా తప్పు జరిగింది.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఆ రాత్రే రెఫరీల సంస్థ తప్పు ఒప్పుకుంది. కొద్ది రోజుల్లో ఆ గదిలో వాళ్ళు మాట్లాడుకున్న ఆడియో బయటపెట్టింది. ఎవరు ఏం అన్నారో లోకమంతా విన్నది. పాయింట్లు తిరిగి రాలేదు, నిజమే. అయినా అభిమానికి కనీసం ఏం జరిగిందో తెలిసింది. 2023 నుంచి ఫిఫా టోర్నమెంట్లలో రెఫరీ వీడియో చూశాక మైకులో నిర్ణయం చెప్పడం మొదలుపెట్టారు. మైకు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? మన సంతలో పసుపు అమ్మేవాడి దగ్గర కూడా మైకు ఉంది.

మన గ్రూపులో అందరికీ తెలిసిన ఇంకో పోలిక చెప్తాం. టీచర్ పోస్టులన్నీ ఏజెన్సీలో మనకే అని 2000లో ఇచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు మీద మనకి కోపం ఉంది, ఉంటుంది. కానీ ఆ తీర్పులో కారణాలు రాసి ఉన్నాయి. మన అన్నలు అవి చదివారు, ఎక్కడ అన్యాయమో పేరా పేరా చూపించి వాదిస్తున్నారు. కారణం చెప్పిన తీర్పుతో మనం కొట్లాడగలం. కారణం చెప్పని తీర్పు ముందు తల దించుకుని ఇంటికి పోవడమే. మన ఊళ్ళలో తగవు తీర్చేటప్పుడు కూడా పెద్దలు చెట్టు కింద అందరి ముందూ కూర్చుని, ఇదీ సంగతి, ఇందుకు ఈ తప్పు కట్టాలి అని నోటితో చెప్తారు. ఓడినవాడు కూడా విని లేస్తాడు.

రెఫరీ వైపు నుంచి కూడా నాలుగు మాటలు రాయాలి, లేకపోతే మా కాటా కూడా ఒక పక్కకి వాలినట్టే. పెద్ద మ్యాచ్‌లో రెఫరీ పది కిలోమీటర్ల పైనే పరిగెడతాడు. ఆటగాడు అలిసిపోతే సబ్‌స్టిట్యూట్ వస్తాడు, ఆయనకి రాడు. అరసెకనులో తేల్చాలి. మన టోర్నమెంట్లలో అయితే లైన్స్‌మన్‌లు కూడా ఉండరు. ఒక్కడే బంతి వెంట పరిగెత్తుతూ ఆఫ్‌సైడ్ కూడా చూడాలి. చేతిలో పెట్టేది భోజనం, పెట్రోలు డబ్బులు. ఓడిన జట్టు తిడుతుంది, ఒక్కోచోట చెయ్యి కూడా చేసుకుంటారు. ఇలా ఉంటే చదువుకున్న కుర్రాడు ఎవడు ఈ పనికి వస్తాడు? ఎవరూ రారు కాబట్టి కమిటీ వాళ్ళ బావమరిదే విజిల్ పట్టుకుంటాడు. మళ్ళీ అదే గొడవ. రెఫరీని కొట్టే ఊరికి మంచి రెఫరీ ఎప్పటికీ దొరకడు.

కాబట్టి దోహాని మనం మార్చలేం గానీ మన మడిని మార్చుకోవచ్చు. వచ్చే సంక్రాంతికి టోర్నమెంట్లు పెట్టే అన్నలకి, కమిటీలకి మా మనవి ఇది.

ఒకటి. ఆడే రెండు ఊళ్ళకీ సంబంధం లేని మనిషి రెఫరీగా ఉండాలి. పెదబయలు, ముంచింగిపుట్టు జట్ల మ్యాచ్‌కి డుంబ్రిగుడ మనిషి. క్రికెట్ టెస్టుల్లో 2002 నుంచి చాలా ఏళ్ళపాటు ఇద్దరు అంపైర్లనీ మూడో దేశం నుంచే పెట్టారు. వాళ్ళకే అవసరమైంది, మనకి సిగ్గెందుకు?

రెండు. మ్యాచ్‌కి ముందు పది నిమిషాలు ఇద్దరు కెప్టెన్లనీ కూర్చోబెట్టి రెఫరీ తన కాటా చెప్పాలి. చెయ్యి ఎలా ఉంటే హ్యాండ్‌బాల్, త్వరగా ఫ్రీ కిక్ కొట్టొచ్చా, గోల్‌కీపర్‌ని తగిలితే ఏంటి. తెలుగు రానివాళ్ళుంటే ఒరియాలోనో కువిలోనో చెప్పించాలి. ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళ మీద బూట్లు వేసుకున్నవాళ్ళు ట్యాక్లింగ్ చేస్తే ఎంతవరకు ఒప్పుకుంటారో అది కూడా అక్కడే తేల్చాలి.

మూడు. కెప్టెన్ ఒక్కడే రెఫరీని అడగాలి, మిగతా పదిమంది మూగకూడదు. యూరో 2024లో ఇదే పెట్టారు, బాగా పనిచేసింది. కెప్టెన్ అడిగితే రెఫరీ ఒక్క వాక్యంలో కారణం చెప్పి తీరాలి. "నా మాటే ఫైనల్" అనేది కారణం కాదు. మాట ఫైనలే, కారణం వేరే చెప్పాలి.

నాలుగు. ఫోన్ వీడియో చూస్తారా చూడరా అన్నది ముందే తేల్చుకోవాలి. మ్యాచ్ మధ్యలో అవసరాన్ని బట్టి కాదు. ఫిఫా కూడా డబ్బు తక్కువున్న టోర్నమెంట్ల కోసం చిన్న పద్ధతి ఒకటి పరీక్షించింది: వీడియో రూము ఉండదు, కోచ్ మ్యాచ్‌కి రెండుసార్లు "మళ్ళీ చూడండి" అని అడగొచ్చు, రెఫరీ తనే పక్కనున్న తెరలో చూస్తాడు. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 అమ్మాయిల వరల్డ్ కప్‌లో వాడారు. మనం రెండు గోల్‌పోస్టుల వెనక రెండు ఫోన్లు నిలబెట్టి గీత దాటిందా లేదా అన్నదాని వరకైనా చూసుకోవచ్చు.

ఐదు. ఒక నోటుపుస్తకం. ప్రతి మ్యాచ్‌లో పెనాల్టీలు, రెడ్ కార్డులు, ఎందుకిచ్చారో ఒక్కో లైను. టోర్నమెంటు అయ్యాక జట్లన్నీ కూర్చుని చదువుకోవాలి. ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి కాదు. వచ్చే ఏడాది కాటా సరిచేసుకోవడానికి.

ఆరు. రెఫరీకి గౌరవంగా డబ్బు ఇవ్వాలి. చెయ్యి చేసుకున్న జట్టుని ఆ ఏడాదికే కాదు, వచ్చే ఏడాదికి కూడా రానివ్వకూడదు. ఆ జట్టు టోర్నమెంటు పెట్టిన ఊరిదైనా సరే.

చివరగా చదువుకుంటున్న మనందరికీ ఒక మాట. ఆటగాడు కావాలని అందరికీ ఉంటుంది, రెఫరీ కావాలని ఎవరికీ ఉండదు. మొత్తం 17 రూల్స్. పుస్తకం ఐఎఫ్ఏబీ వాళ్ళది ఫ్రీగా దొరుకుతుంది. పీఈటీ కోర్సు చేస్తున్న అన్నలూ అక్కలూ ముందు రండి, రెఫరీ పరీక్షల సంగతి కనుక్కోండి. 2022 డిసెంబర్ 1న జర్మనీ, కోస్టారికా మగవాళ్ళ వరల్డ్ కప్ మ్యాచ్‌కి ఫ్రాన్స్ మహిళ స్టెఫానీ ఫ్రాపార్ విజిల్ పట్టుకుంది. మన చెల్లెళ్ళు థింసాలో అడుగు తప్పితే పది మీటర్ల దూరం నుంచి పట్టేస్తారు. ఆఫ్‌సైడ్ పట్టలేరా? మా ఏడుగురిలో ఇద్దరం ఈ సెలవుల్లో రూల్స్ పుస్తకాన్ని తేలిక తెలుగులో, ఆదివాసీ ఒరియాలో రాయడం మొదలుపెడుతున్నాం. కువిలో రాయగలిగిన వాళ్ళు చెయ్యి కలపండి.

బంతి ముట్టుకోవడం మానేసిన ఆ తమ్ముడికి ఈ పోస్టు పంపుతున్నాం. వాడు మళ్ళీ ఆడతాడో లేదో తెలీదు. కనీసం వాడి తర్వాత వచ్చేవాడు ఓడినప్పుడు, ఎందుకు ఓడాడో తెలుసుకుని ఇంటికి పోవాలి.

మీ ఊరి టోర్నమెంటులో మంచి పద్ధతి ఏదైనా ఉంటే కింద రాయండి. ఊళ్ళ పేర్లు పెట్టి తిట్లు మాత్రం వద్దు.

జై ఆదివాసీ.